రెండు నంబర్ వన్‌ల నడుమ: బాలగాయకుడు స్టీవీ వండర్ తారగా ఎదిగిన దారి

1963 ఆగస్టు 10 తేదీతో వచ్చిన బిల్‌బోర్డ్ పత్రికలో హాట్ 100 జాబితా మొదటి స్థానం 'ఫింగర్‌టిప్స్' పాటకు దక్కింది. పాడిన పిల్లవాడికి అప్పటికి పదమూడేళ్లు నిండి మూడు నెలలు కూడా కాలేదు. బృందంతో కాకుండా తన ఒక్కడి పేరు మీద ఆ స్థానానికి చేరిన వాళ్లలో అంత చిన్నవాడు అంతకు ముందు లేడు, ఇప్పటిదాకా రాలేదు. అదే గాయకుడు అదే జాబితాలో మళ్లీ మొదటికి వచ్చింది 1973 జనవరిలో, 'సూపర్‌స్టిషన్'తో. నడుమ దాదాపు తొమ్మిదిన్నరేళ్లు.

స్టీవీ వండర్ గురించి జనం చెప్పుకునే కథలో ఈ తొమ్మిదిన్నరేళ్లు కనిపించవు. చూపు లేని పిల్లవాడు, పుట్టుకతోనే వచ్చిన సంగీతం, పదకొండేళ్లకే కంపెనీ పిలుపు, పన్నెండేళ్లకు మేధావి అన్న బిరుదు, ఇక అక్కడినుంచి తిరుగులేని ఎదుగుదల. అతని ప్రతిభ మీద ఎవరికీ అనుమానం లేదు, నాకూ లేదు. కానీ దొరికిన ఆధారాలను తేదీల వరసలో పేర్చి చూస్తే, పదమూడేళ్లకు వచ్చిన విజయం అతన్ని తారగా నిలబెట్టిందని చెప్పడం కష్టమవుతుంది. ఆ తర్వాత స్టూడియోలో ఏడెనిమిదేళ్లు నేర్చుకున్న పని, ఆ పనికి చివరన తోడైన ఒక చట్టబద్ధమైన వయసు, ఈ రెండింటికే ఎక్కువ వాటా ఉన్నట్టు తోస్తుంది. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడమే ఇక్కడి ప్రయత్నం.

ఆధారాలన్నిటికీ ఒకే బరువు ఉండదు. చార్టులో స్థానాలు, రికార్డు లేబుల్ మీద అచ్చయిన రచయితల పేర్లు ఆ రోజుల్లోనే నమోదయ్యాయి. కంపెనీ అధిపతి బెర్రీ గోర్డీ ఆత్మకథ మాత్రం 1994లో వచ్చింది. అంటే ముప్పై ఏళ్ల నాటి సంగతులను గుర్తు తెచ్చుకుని, తన స్థానం నుంచి రాసుకున్నది. ఒప్పందాల్లోని డబ్బు లెక్కలైతే చాలావరకు పత్రికల ద్వారా, లాయర్ల నోటి ద్వారా బయటికి వచ్చినవే. మొదటి రకాన్ని పునాదిగా తీసుకుని, మిగతావి ఎవరు చెప్పారో చెబుతూ వాడుతున్నాను. పునాది అనుకున్నదానిలోనూ పగుళ్లున్నాయి, అవి ముందుకు వెళ్లేకొద్దీ కనిపిస్తాయి.

స్టీవీ 1950 మే 13న మిషిగన్ రాష్ట్రంలోని సాగినాలో, నెలలు నిండకుండా ఆరు వారాల ముందే పుట్టాడు. ఇంక్యుబేటర్‌లో ఉంచి ఆక్సిజన్ ఇచ్చారు. పూర్తిగా ఎదగని రెటీనా దెబ్బతిని చూపు పోయింది. ఆక్సిజన్ మోతాదుకూ ఈ అంధత్వానికీ ఉన్న సంబంధాన్ని అమెరికాలో పలు ఆసుపత్రులు కలిసి చేసిన పరీక్షలు రూఢి చేసింది 1953, 54లలో. పిల్లల ప్రాణం నిలబెట్టడానికి ఇచ్చిన ఆక్సిజనే చూపు తీసిన తరానికి చెందినవాడు అతను. చూపు లేకపోవడం వల్లే చెవి పదునెక్కిందని చాలామంది రాస్తారు. ఒక్క మనిషి జీవితం చూసి ఆ మాట తేల్చలేం. ఆ కారణంగానే చూపు కోల్పోయిన పిల్లలు ఆ రోజుల్లో వేలల్లో ఉన్నారు.

తేల్చగలిగింది పరిసరాల గురించే. నాలుగేళ్ల వయసులో తల్లి లూలా మే హార్డవే వెంట కుటుంబం డెట్రాయిట్ చేరింది. పిల్లవాడు పియానో, హార్మోనికా, డ్రమ్స్ చిన్నప్పుడే పట్టుకున్నాడు. వైట్‌స్టోన్ బాప్టిస్ట్ చర్చి గాయక బృందంలో పాడాడు. జాన్ గ్లోవర్ అనే స్నేహితుడితో జతకట్టి వీధి మలుపుల్లో, వేడుకల్లో పాడాడు. కార్ల కర్మాగారాల ఆ నగరంలోనే, వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లోని ఒక ఇంట్లో, కుటుంబ నిధి నుంచి తెచ్చిన 800 డాలర్ల అప్పుతో 1959లో గోర్డీ మొదలుపెట్టిన రికార్డు కంపెనీ ఉంది. అదే మోటౌన్. 1961లో ఆ కంపెనీ బృందం 'మిరకిల్స్' సభ్యుడు రోనీ వైట్ ముందు స్టీవీ తన సొంత పాట ఒకటి పాడాడు. వైట్ తల్లీకొడుకులిద్దరినీ గోర్డీ దగ్గరికి తీసుకువెళ్లాడు. ఆ పిల్లవాడి గొంతు కంటే హార్మోనికా వాయించిన తీరే తనను కట్టిపడేసిందని గోర్డీ తర్వాత చెప్పుకున్నాడు. ఇందులో అదృష్టం ఎంత, ప్రతిభ ఎంత అని విడదీయడం సాధ్యం కాదు. అయితే అదే పిల్లవాడు సాగినాలోనే ఉండిపోయి ఉంటే వీధి మలుపు నుంచి స్టూడియో గది దాకా అంత దగ్గర దారి దొరికేది కాదని మాత్రం చెప్పవచ్చు.

సంతకం చేయాల్సినవాడికి పదకొండేళ్లు కాబట్టి ఒప్పందం రూపం కూడా వేరుగా వచ్చింది. ఐదేళ్ల చొప్పున పొడిగించే పద్ధతి. రాయల్టీలన్నీ అతనికి 21 ఏళ్లు వచ్చేదాకా ట్రస్టులో ఉంటాయి. ఖర్చులకు కుటుంబానికి వారం వారం కొంత, అందులో పిల్లవాడి చేతికి రెండున్నర డాలర్లు. పర్యటనల్లో చదువు చెప్పడానికి ట్యూటర్. మిషిగన్ అంధుల పాఠశాలలో స్టీవీ విద్యార్థి. ట్యూటర్‌గా వచ్చిన టెడ్ హల్‌కు కూడా చూపు పాక్షికమే. ఊళ్లు తిరుగుతున్నా చదువు ఆగలేదు, 1968లో పట్టా అందుకున్నాడు.

ఈ ట్రస్టు ఏర్పాటును ఎలా అర్థం చేసుకోవాలి? బాలనటుడు జాకీ కూగన్ సంపాదించిన లక్షల డాలర్లను తల్లి, సవతి తండ్రి ఖర్చు చేసేశాక, 1939లో కాలిఫోర్నియా పిల్లల సంపాదనలో కొంత భాగాన్ని దాచి ఉంచాలని చట్టం చేసింది. అది కాలిఫోర్నియా చట్టం, మోటౌన్ అప్పుడు ఉన్నది మిషిగన్‌లో. అయినా పిల్లల డబ్బును పెద్దల చేతికి అందకుండా ఉంచాలన్న ఆలోచన అప్పటికే వాడుకలో ఉంది. ఆ కోణంలో చూస్తే ఇది రక్షణే. మరో వైపు, మోటౌన్‌లో రికార్డు చేసే కంపెనీ, పాటల హక్కులు చూసే జోబెట్ అనే ప్రచురణ సంస్థ, కళాకారుల వ్యవహారాలు నడిపే మేనేజ్‌మెంట్ విభాగం, అన్నీ ఒకే యజమానివి. కళాకారుడి తరఫున బేరమాడాల్సిన మనిషి, బేరంలో అవతలి పక్షం, ఇద్దరూ ఒకే గూటివాళ్లు. పెద్దవాళ్లకే ఇది ఇబ్బంది, పదకొండేళ్ల పిల్లవాడి మాట ఇక చెప్పేదేముంది. రక్షణా కట్టుబాటూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

1962లో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. ఒకటి పాటలు లేని వాద్య సంగీతం, 'ద జాజ్ సోల్ ఆఫ్ లిటిల్ స్టీవీ'. రెండోది రే చార్లెస్ పాడిన పాటలతో చేసిన 'ట్రిబ్యూట్ టు అంకుల్ రే'. రెండూ అమ్ముడుపోలేదు. ఇక్కడ ఒక్కక్షణం ఆగాలి. పుట్టుకతో సంగీతం వచ్చినవాడన్న కథ నిజమైతే మొదటి రెండు ప్రయత్నాలు ఎందుకు పోయాయి? నాకు కనిపించేది ఇది: కంపెనీకి ఈ పిల్లవాణ్ణి ఏ గడిలో పెట్టాలో తెలియలేదు. చూపులేని నల్లజాతి సంగీతకారుడికి అప్పటికి మార్కెట్‌లో ఉన్న ఒకే ఒక పెద్ద నమూనా రే చార్లెస్. పిల్లవాడికి ఆ నమూనానే తొడిగారు. ఇది ఆల్బమ్‌ల పేర్ల నుంచి, పాటల ఎంపిక నుంచి నేను తీస్తున్న అర్థం. కంపెనీలో ఎవరూ ఆ మాట అన్నట్టు రుజువు లేదు.

'ఫింగర్‌టిప్స్' మొదట ఆ వాద్య సంగీతం ఆల్బమ్‌లోని ముక్కే. రాసింది క్లారెన్స్ పాల్, హెన్రీ కాస్బీ, ఇద్దరూ కంపెనీ మనుషులు. అదే ముక్కను మోటౌన్ కళాకారుల సంచార ప్రదర్శనలో భాగంగా షికాగోలోని రీగల్ థియేటర్‌లో వాయిస్తుండగా రికార్డు చేశారు. ఆ రికార్డులో వినిపించేది కట్టుదిట్టమైన పాట కాదు. బాంగో, హార్మోనికా, జనాన్ని ఉత్సాహపరిచే కేకలు, వాళ్ల జవాబులు. ముగిసిందనుకుని వెళ్లినట్టే వెళ్లి పిల్లవాడు మళ్లీ వేదిక మీదికి వచ్చేస్తాడు. అప్పటికే తర్వాతి గాయని బృందం వాద్యాలు సర్దుకుంటోంది. ఏ శ్రుతిలో వాయించాలో తెలియక బాస్ గిటార్ వాద్యకారుడు గట్టిగా అడగడం కూడా రికార్డులో ఉండిపోయింది. పాట పొడుగు కావడంతో రెండు భాగాలు చేసి అమ్మారు. జనం ఎగబడి విన్నది రెండో భాగాన్ని, అంటే ఆ గందరగోళం ఉన్న భాగాన్ని.

ఆల్బమ్ పేరు 'పన్నెండేళ్ల మేధావి' అన్న అర్థంతో పెట్టారు. రికార్డు చేసినప్పుడు వయసు పన్నెండే, అందులో అబద్ధం లేదు. పాట పైకెక్కే నాటికి పదమూడు. కానీ 'మేధావి' అన్న మాట అట్ట మీదకు ఎలా వచ్చిందో గమనించాలి. రే చార్లెస్‌ను అప్పటికే ఆ మాటతోనే ప్రచారం చేసేవారు. బిరుదు కూడా అరువుదే. ఆ ఆగస్టులోనే ఆల్బమ్ కూడా మొదటి స్థానానికి చేరడంతో బిరుదు స్థిరపడిపోయింది. తర్వాత రాసినవాళ్లు దాన్ని వర్ణనగా తీసుకున్నారు. ప్రకటనగా పుట్టిన మాటను చరిత్రకారుడు రుజువుగా వాడకూడదు.

ఆ తర్వాత పడిపోయాడన్నది కథలో రెండో అంకం. దీన్నీ అంకెలతో సరిచూడాలి. 1963లోనే వచ్చిన 'వర్కౌట్ స్టీవీ, వర్కౌట్' హాట్ 100లో 33వ స్థానం దాకా వెళ్లింది. 1964లో 'క్యాజిల్స్ ఇన్ ద శాండ్' 52, 'హే హార్మోనికా మ్యాన్' 29. 1965లో 'హై హీల్ స్నీకర్స్' 59. మొదటి స్థానం చూసినవాడికి ఇది దిగుడే. అయినా అసలు జాబితాకే ఎక్కని వందల గాయకులతో పోలిస్తే వైఫల్యం అనలేం. పైగా ఇక్కడే కొలబద్దలో పగులుంది. నల్లజాతి శ్రోతల అభిరుచిని చూపే ఆర్ అండ్ బి సింగిల్స్ జాబితాను బిల్‌బోర్డ్ 1963 నవంబర్ చివర నిలిపివేసి, 1965 జనవరిలో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. అతని సొంత శ్రోతలు అతన్ని వదిలేశారా లేదా అన్నదానికి ఆ పత్రికలో పద్నాలుగు నెలల పాటు జవాబు లేదు. ఉన్న ఒక్క జాబితా చూసి 'పతనం' అని రాసేయడం తొందరపాటు.

కంపెనీ లోపల మాత్రం ఆందోళన నిజమే. గొంతు మారుతోంది. బీచ్ సినిమాల్లో కనిపించేలా చేసి చూశారు, అదీ పెద్దగా ఉపయోగపడలేదు. వదిలేద్దామని కొందరు అన్నారని పలువురు చెప్పారు. ఇక్కడ కథలోకి వచ్చే మనిషి సిల్వియా మాయ్. మోటౌన్‌లో పాటలు రాసే యువతి. అతనితో సరైన పాట చేయించగలిగితే ఉంచుకుంటారా అని అడిగి ఒప్పించినట్టు ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆ పాట 'అప్‌టైట్', 1965 నవంబర్‌లో వచ్చింది. ఆర్ అండ్ బి జాబితాలో మొదటి స్థానం, హాట్ 100లో మూడు. రచయితలుగా లేబుల్ మీద మూడు పేర్లున్నాయి: మాయ్, కాస్బీ, వండర్. పదిహేనేళ్ల పిల్లవాడి దగ్గర తునకలుగా ఉన్న సంగీతాన్ని విని, అందులో ఒకదాన్ని పట్టుకుని, మాటలు అల్లి పాటగా తీర్చింది మాయ్. రికార్డింగ్ నాటికి మాటలు బ్రెయిలీలో సిద్ధంగా లేవు. ఆమె పక్క గదిలోంచి హెడ్‌ఫోన్‌లో ఒక్కో చరణపాదాన్ని అతని కంటే ముందుగా పాడి వినిపిస్తుంటే, అతను దాన్ని అందుకుని పాడాడట. ఇది ఆమె చెప్పిన సంగతి. నమ్మకపోవడానికి కారణమేమీ లేదు.

చూపు లేనివాళ్లకు అక్షరం సమయానికి అందకపోవడమన్న ఆ సమస్యను స్టీవీ తర్వాత కూడా మరచిపోలేదు. అంధులకు చదవగలిగే రూపంలో పుస్తకాలు తయారు చేయడానికి కాపీరైట్ అడ్డుపడకూడదంటూ ప్రపంచ మేధో సంపత్తి సంస్థలో గొంతెత్తాడు. 2013 జూన్‌లో మరాకెష్‌లో అందుకోసం ఒక ఒడంబడిక కుదిరినప్పుడు అక్కడికి వెళ్లి పాడాడు. దాన్ని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనది. తెలుగులో ఆడియో పుస్తకం వినే, బ్రెయిలీ చదివే విద్యార్థులకూ ఆ ఒడంబడిక వర్తిస్తుంది.

మాయ్ దగ్గరికి తిరిగి వద్దాం. రికార్డు లేబుళ్లే గట్టి ఆధారమని మొదట అన్నాను. ఆమె విషయంలో అవి సగమే చెబుతాయి. రచయితగా పేరుంది. స్టూడియోలో చేసిన నిర్మాణ పనికి ఆమె పేరు ఆ రోజుల్లో రాలేదు. మోటౌన్‌లో నిర్మాత అన్న హోదా మగవాళ్లదే. కాబట్టి 1965 నుంచి 69 దాకా స్టీవీని తీర్చిదిద్దిన వాళ్లెవరన్న లెక్కలో అచ్చయిన పేర్లు చూసి ఊరుకుంటే ఆమె వాటా తగ్గిపోతుంది. నా అంచనాలో ఈ కథలో స్టీవీ తర్వాత అత్యంత ముఖ్యమైన వ్యక్తి గోర్డీ కాదు, మాయ్.

ఆ ఐదారేళ్లలో జరిగింది పాటల వరసలోనే కనిపిస్తుంది. 1967లో 'ఐ వాజ్ మేడ్ టు లవ్ హర్', రచయితల్లో తల్లి లూలా పేరు కూడా ఉంది, హాట్ 100లో రెండో స్థానం. కంపెనీ క్రిస్మస్ వేడుకకు స్టీవీ పట్టుకొచ్చిన ఒక బాణీకి మిరకిల్స్ గాయకుడు స్మోకీ రాబిన్సన్ మాటలు రాసి 'టియర్స్ ఆఫ్ ఎ క్లౌన్' చేశాడు. 1970లో అది మిరకిల్స్ గొంతులో అమెరికాలో, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. హాట్ 100లో తన పేరు మీద నంబర్ వన్ లేని ఆ ఏళ్లలో పరాయి గొంతుకు నంబర్ వన్ ఇచ్చాడు. కంపెనీ వాద్యకారుల్లో బెన్నీ బెంజమిన్ దగ్గర డ్రమ్స్ పట్టు, జేమ్స్ జేమర్సన్ బాస్ నడక రోజూ పక్కనే కూర్చుని విన్నాడు. 1970లో 'సైన్డ్, సీల్డ్, డెలివర్డ్' తనే నిర్మించి మూడో స్థానానికి చేర్చాడు. బడిలో చదివినట్టే స్టూడియోలో చదివాడు. తేడా ఏమిటంటే ఇక్కడ పరీక్ష పేపరు మార్కెట్‌కు వెళ్లేది.

1971 మే 13న అతనికి ఇరవై ఒకటి నిండాయి. బాల్యంలో కుదిరిన ఒప్పందం ముగిసింది, ట్రస్టు డబ్బు చేతికొచ్చింది. అది సుమారు పది లక్షల డాలర్లని చాలా జీవితచరిత్రలు చెబుతాయి. దశాబ్దం పాటు హిట్లు ఇచ్చినవాడికి అది తక్కువేనన్న విమర్శా ఉంది. ఆ డబ్బులో కొంత పెట్టి న్యూయార్క్‌లో సొంతంగా రికార్డింగ్ మొదలుపెట్టాడు. మాల్కం సెసిల్, రాబర్ట్ మార్గులెఫ్ నిర్మించిన టోంటో అనే భారీ సింథసైజర్‌తో పగలూ రాత్రీ పని చేశాడు. ఒప్పందం లేకుండానే పాటలు పోగయ్యాయి. బేరం చేయడానికి అది బలం. లాయర్ జోహానన్ విగోడా నడిపిన చర్చలతో మోటౌన్‌తోనే కొత్త ఒప్పందం కుదిరింది, దాదాపు 120 పేజీలు. రాయల్టీ రేటు బాగా పెరిగింది, పాటల హక్కులకు సొంత ప్రచురణ సంస్థ వచ్చింది, ఆల్బమ్‌లో ఏముండాలో నిర్ణయం అతనిదైంది. 1972 మార్చిలో 'మ్యూజిక్ ఆఫ్ మై మైండ్', అక్టోబర్‌లో 'టాకింగ్ బుక్'. 'సూపర్‌స్టిషన్' ఆ రెండోదానిలోదే.

ఇక్కడ నా వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యాన్ని దాటవేయకూడదు. స్వేచ్ఛ రాగానే విజయం వచ్చిందనుకుంటే, 1971 ఏప్రిల్‌లో, అంటే పుట్టినరోజుకు నెల ముందే, పాత ఒప్పందం కిందే 'వేర్ ఐ యామ్ కమింగ్ ఫ్రమ్' అనే ఆల్బమ్‌ను గాయని సిరీటా రైట్‌తో కలిసి రాసి తనకు నచ్చినట్టు చేసుకున్నాడు. అది ఆల్బమ్‌ల జాబితాలో 62వ స్థానం దాటలేదు. స్వేచ్ఛ వచ్చాక తీసిన 'మ్యూజిక్ ఆఫ్ మై మైండ్' కూడా 21 దగ్గరే ఆగింది. అంటే స్వేచ్ఛ ఒక్కటే సరిపోలేదు. 'టాకింగ్ బుక్' మూడో స్థానం దాకా రావడంలో 1972 వేసవిలో రోలింగ్ స్టోన్స్‌తో చేసిన పర్యటనకు ఎంతో కొంత వాటా ఉండాలి. తెల్లజాతి రాక్ శ్రోతలు వేల సంఖ్యలో అతన్ని ప్రత్యక్షంగా విన్నది అప్పుడే. మోటౌన్ గాయకుడు మార్విన్ గే అదే 1971లో 'వాట్స్ గోయింగ్ ఆన్' కోసం కంపెనీతో పట్టుబట్టి నెగ్గడం కూడా దారి చూపింది. కారణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి, ఏదో ఒకదాన్ని విడదీసి ఇదే మూలం అనడం నిజాయతీ కాదు.

వయసు సంగతిలో మరో ఆలోచన. మిషిగన్ రాష్ట్రం 1972 జనవరి 1 నుంచి మేజర్ అయ్యే వయసును 18కి తగ్గించింది. స్టీవీ కొన్నేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆ మలుపు పద్దెనిమిదికే వచ్చేది. 1968 నాటి స్టీవీకి సొంతంగా నిర్మించిన ఒక్క సింగిల్ కూడా లేదు, సింథసైజర్ తెలియదు. అప్పుడే విడుదలై ఉంటే ఏమయ్యేదో ఊహే తప్ప రుజువు కాదు. కానీ ఇరవై ఒకటి అనే అంకె అతనికి ఒకే సమయంలో అడ్డుగానూ గడువుగానూ పనిచేసిందని నాకు అనిపిస్తుంది.

ఒక్క జీవితం నుంచి సూత్రం తీయడంలో ఇంకో ప్రమాదముంది. గట్టెక్కినవాళ్ల కథలే మనకు తెలుస్తాయి. 1956లో 'వై డు ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్' తన బృందంతో పాడినప్పుడు ఫ్రాంకీ లైమన్‌కూ పదమూడేళ్లే. మరుసటి ఏడాది బృందం నుంచి విడిపోయాడు, గొంతు మారింది, పాత విజయం మళ్లీ రాలేదు. 1968 ఫిబ్రవరిలో మత్తుమందు ఎక్కువై ఇరవై ఐదేళ్లకే చనిపోయాడు. ఆ పాట రచయితలెవరన్న తగాదా అతను పోయాక చాలా ఏళ్లు కోర్టుల్లో నడిచింది. గొంతు మారే కాలంలో లైమన్ పక్కన సిల్వియా మాయ్ లాంటి మనిషి లేదు, ఏళ్ల తరబడి జీతం మీద ఉన్న వాద్యకారుల స్టూడియో లేదు. ఇవి ఉంటే బతికేవాడా అని అడగడం న్యాయమే, అవునని చెప్పేయడం న్యాయం కాదు.

మోటౌన్‌లోనే మరో పోలిక ఉంది. 1969లో గ్యారీ నగరం నుంచి వచ్చిన జాక్సన్ సోదరులతో కంపెనీ ఒప్పందం చేసుకుంది. 1970లో వాళ్ల మొదటి నాలుగు సింగిల్స్ మొదటి స్థానానికి చేరాయి, ముందు నిలబడి పాడిన మైకేల్‌కు ఆ ఏడాది మొదట్లో పదకొండేళ్లు. కంపెనీ అదే, కానీ పద్ధతి మారింది. పాటలు కంపెనీ బృందమే రాసేది, సోదరులు పాడేవాళ్లు. సొంత పాటలు రాసి నిర్మించుకునే వీలు కోరినా దొరకలేదన్నది వాళ్లు కంపెనీ వదలడానికి చెప్పిన కారణాల్లో ఒకటి. స్టీవీకి టీనేజీలో అందిన అప్రెంటిస్ పని వాళ్లకు అందలేదు. ఎందుకు అందలేదన్నదానికి నాకు తోచే జవాబు కాస్త చేదు: స్టీవీ 1964లో తడబడ్డాడు కాబట్టి అతనితో ప్రయోగాలు చేశారు, జాక్సన్లు తడబడలేదు కాబట్టి నడుస్తున్న పద్ధతిని ఎవరూ కదపలేదు.

1975లో రెండు ఒప్పందాలు వార్తలకెక్కాయి. స్టీవీ ఏడు ఆల్బమ్‌లకు మోటౌన్‌తో మళ్లీ కుదుర్చుకున్నాడు. ఆనాటి పత్రికలు 1.3 కోట్ల డాలర్లన్నాయి, తర్వాతి రచనల్లో అది 3.7 కోట్లుగా కనిపిస్తుంది. చిన్న అంకెనే తీసుకున్నా అప్పటి రికార్డు పరిశ్రమలో అంత పెద్ద ఒప్పందం లేదు. అదే ఏడాది జాక్సన్ సోదరులు మోటౌన్ వదిలి ఎపిక్ లేబుల్‌కు వెళ్లారు. జెర్మైన్ వెనకే ఉండిపోయాడు. కంపెనీ దావా వేసింది, 'జాక్సన్ 5' అన్న పేరు తనదేనంది. పిల్లలుగా ఉన్నప్పుడు ఆ పేరుతో లోకానికి తెలిసిన సోదరులు కొత్త రికార్డుల మీద 'ద జాక్సన్స్' అని అచ్చు వేయించుకోవాల్సి వచ్చింది.